తాడు వదిలెయ్, మెరిన్

“తప్పు లాగావనుకో, గంట తాడు వదిలెయ్. పట్టుకుని వేలాడావంటే కప్పుదాకా లాక్కుపోతుంది. వింటున్నావా?” అన్నాను, మెరిన్ కోటు గుండీ పెడుతూ.

“అబ్బా, అమ్మా! మహా అయితే ఓ కాకప్ అవుతుంది, అంతేగా.”

“చర్చికి పోతూ ఆ మాటేంటే?”

పని చెడితే అనే ఆ మోటు మాటకు మా ఇంట్లో విశ్రాంతి లేదు. కేకు మధ్యలో కుంగితే కాకప్. వాళ్ల నాన్న డేరాను తిరగేసి కడితే కాకప్. పిల్ల బస్సు తప్పినా, చెయ్యి కాల్చుకున్నా అదే మాట. ఏది ఎంత తప్పో తెలియక నా ప్రాణం కొట్టుకుంటుంది.

చర్చి గంటలు లాగే జట్టుకు పెద్ద అయిన హెడ్లీ బాబాయ్ గోపురం తలుపు దగ్గరే ఉన్నాడు. నా గోల విని నవ్వాడు.

“ఆ మాటకు భయపడకు కెరెన్సా. అది నవ్వుకోగలిగిన తప్పులకే. ఎవరికైనా దెబ్బ తగిలితే కాకప్ అంటామా? అప్పుడు అసలేమీ అనం.”

ఆ ఆఖరి ముక్కే నా చెవిలో ఉండిపోయింది.

గంటను నోరు పైకి తిప్పి, ఒక కర్ర ఆనించి నిలబెడతారు. తాడు మరీ బలంగా గుంజితే ఆ కర్ర విరుగుతుంది. ఇక గంట ఎవరి మాటా వినదు, తాడు పైకి దూసుకుపోతుంది. పక్క ఊళ్లో ఒకతను వదలక భుజం విరగ్గొట్టుకున్నాడు. అది విన్ననాటి నుంచీ నాకు నిద్ర సరిగ్గా లేదు. ఆరాధనకు జట్టుతో కలిసి మెరిన్ గంట లాగడం ఈ రోజే మొదటిసారి.

అందరూ లోపలికి వెళ్లినా నేను సమాధుల మధ్యే అటూ ఇటూ తిరిగాను. గంటలు మొదలయ్యాయి. ఒకదాని వెనక ఒకటి, పై స్వరం నుంచి కిందికి చక్కగా దిగుతున్నాయి. ఊపిరి పీల్చుకోబోయాను.

ఫటేల్‌మంది.

“ఆపండి!” హెడ్లీ బాబాయ్ కేక. అన్ని గంటలూ ఆగాయి, ఒక్కటి తప్ప. అది మెరిన్ గంట. ఆ గొంతు నాకు తెలుసు.

చుట్టు మెట్లు ఎలా ఎక్కానో నాకే తెలియదు. పైన తలుపుకు లోపల గడియ. బాదాను.

“మెరిన్! తల్లీ! బాబాయ్, తలుపు తీయండి!”

గంట హోరులో ఎవరికి వినపడుతుంది? అది ఊగి ఊగి నెమ్మదించింది. ఇంకోసారి మోగింది. ఆగిపోయింది.

లోపల మనిషి అలికిడి లేదు. దెబ్బ తగిలితే అసలేమీ అనం, అన్నాడు కదా బాబాయ్. తలుపుకు చెవి ఆనించాను. ఎవరో గట్టిగా ఊపిరి పీలుస్తున్నారు. మెరినో కాదో పోల్చుకోలేకపోయాను.

“మెరిన్, ఏదో ఒకటి అనవే. ఏ మాటైనా సరే.”

తలుపుకు అవతల కింది నుంచి, నేల మీద కూర్చున్నట్టుంది, ఆయాసపడుతూ జవాబొచ్చింది.

“కాకప్, అమ్మా. తాడు వదిలేశాలే.”