సింహాలమ్మ చేతికి వచ్చిన కత్తి

నేను ఒక మడత కత్తిని, గడ్డం గీసే కత్తిని. సముద్రం అవతల ఏదో కొలిమిలో పుట్టి, కొమ్ము పిడిలో ఒదిగి, చివరకు పార్వతీపురంలో మంగలి గవరయ్య పెట్టెలోకి చేరాను. పెళ్ళికొడుకుల బుగ్గల మీద, కోర్టు గుమాస్తాల మెడల మీద తిరిగాను. ఎంత గొంతున్నవాళ్ళయినా నేను పీక మీదికి రాగానే మాట ఆపేసేవారు.

గవరయ్యకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. పెట్టెలో నేను తుప్పుపట్టాను. ఆయన గడ్డం పెరిగింది. సెలూన్ వాళ్ళు వచ్చి గీస్తామన్నా ఒప్పుకోలేదు. అరుగు మీదికి రావడమే మానేశాడు.

"ఊరందరి గడ్డాలూ గీసినోణ్ణి. ఈ మొకంతో ఈదిలోకెలాగొస్తానే?"

"నాను గీస్తాను, నీ కత్తితోనే," అంది భార్య సింహాలమ్మ.

"పీక కోసీగలవు."

"కోసీదాన్నయితే పెళ్ళయిన ఏడే కోసీదాన్ని."

చాలా రోజులకు ఆయన నవ్వాడు.

ఆమె నన్ను జగ్గారావు దగ్గరికి తీసుకెళ్ళింది. పాత కత్తులు బాగుచేయడం అతని పని. తడి రాయి మీద చేత్తోనే ఓపిగ్గా రుద్దుతాడు. వారం పడుతుందన్నాడు.

"ఈ పూటే కావాల బాబూ. ఆయన మనసు మారిపోద్ది," అని ఆమె అక్కడే కూర్చుంది.

జాలిపడి అతను నన్ను మిషను చక్రానికి ఆనించాడు. తుప్పు రాలింది. కానీ వేడికి నా అంచు నీలమైంది. ఉక్కు అలా నీలమైతే లోపలి బిగువు పోయినట్టే, ఇక ఎంత సాన పట్టినా పదును నిలవదు. మెరుగు పెట్టే తొందరలో అతను ఆ నీలాన్ని కూడా తుడిచేశాడు. నేనేమని చెప్పను? నాకున్నది అంచు ఒక్కటే. అదీ పోయింది.

ఇంట్లో గవరయ్య ఎడమచేతి బొటనవేలితో నా అంచును తడిమాడు. మళ్ళీ తడిమాడు. తెలిసిపోయింది. తలెత్తి చూస్తే ఎదురుగా సింహాలమ్మ, సబ్బు నురగ కుంచెతో.

"ఎలాగుంది?"

"బాగుంది. కానియ్యి."

నేను వెంట్రుకలను కోయలేదు, పీకాను. ఆయన కంట నీరు తిరిగింది.

"నొప్పెడతందా?"

"కంట్లో సబ్బు పడిందే."

సబ్బు గడ్డం దాటి పైకి రాలేదు. ఆమె చూసింది. చెయ్యి ఆగిపోయింది.

"ఆపకు. సగం గడ్డంతో కూకోమంటావేటి?"

ఆమె నన్ను మళ్ళీ చెంపకు ఆనించింది. అంత మెత్తగా నన్నెవరూ పట్టుకోలేదు. అంత నొప్పి నేనెవరికీ పెట్టలేదు.

సాయంత్రం గవరయ్య అరుగు మీద కూర్చున్నాడు, గడ్డం నిండా గాట్లతో. అడిగినవాళ్ళకల్లా మా ఇంటిది గీసిందని చెప్పాడు. లోపల గూట్లో నేను కొత్తదానిలా మెరుస్తున్నాను.