సుందర్ రాజు ఎడమ అడుగు

రైల్వే వాళ్ల ట్రాఫిక్ కాలనీలో పొద్దున్నే ముందు వర్క్‌షాపు సైరన్, దాని వెనకే మొగుడి మీద చిట్టెమ్మ కేక. "ఏటయ్యా, కాలు ఇలాగియ్యి!"

సుందర్ రాజు మంచం అంచున కూచుని ఎడమకాలు చాపుతాడు. ఆమె మేజోడు ముడత లేకుండా లాగి, పాదాన్ని ప్లాస్టిక్ బ్రేస్‌లో దూర్చి, పిక్క దగ్గర పట్టీ బిగిస్తుంది. చీలమండకి రెండు పక్కలా ఇనప కీళ్లు. పాదాన్ని ముందుకి వంగనిస్తాయి, వేళ్లు కిందికి వాలిపోకుండా ఆపుతాయి. పక్షవాతం వచ్చినవాడికి పాదం వాలిందంటే ఇంటి గడపే హిమాలయం.

అలాంటిలాంటి మనిషి కాదు సుందర్ రాజు. బళ్లకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా ముప్పయ్యేళ్లు చేసినాడు. ఆయన ఒక్క కూత వేస్తే నిమ్‌పురా యార్డులో మూడు ఇంజన్లు ఆగిపోయి, నాలుగోది సిగ్గుతో షెడ్డులోకి వెళ్లిపోయేదని చెప్పుకుంటారు. నాలుగు కాదు, అయిదని నా లెక్క.

ఆ మనిషిని పడగొట్టింది ఒక కాగితం. ఇంజన్ విప్పి వ్యాగన్లని ఒంటరిగా నిలిపితే చక్రం కింద స్కిడ్ పెట్టాలి. అరచెయ్యంత ఇనప ఆపు అది. ఆ రోజు సుందర్ రాజు స్కిడ్ పట్టుకుని వంగితే, షంటింగ్ మాస్టర్ గిరిబాబు అది లాక్కుని గడ్డిలోకి విసిరినాడు. "ఇంజన్ ఇప్పుడే వొచ్చెస్తాది గదన్నా, ఎందుకు నడుం ఇరగ్గొట్టుకుంతావు?" ఇంజన్ రాలేదు. పద్నాలుగు ఖాళీ వ్యాగన్లు వాటంతట అవే దొర్లుకుంటూ పోయి లైను చివర బోర్లా పడ్డాయి. స్కిడ్ పెట్టడం సుందర్ రాజు మర్చిపోయినాడని గిరిబాబు రాసిచ్చినాడు. ఆ కాగితం చదువుతూ చదువుతూనే సుందర్ రాజు ఎడం పక్కకి ఒరిగిపోయినాడు. ఎంక్వయిరీలో అదే ఖాయమైతే ఉద్యోగం పోతుంది, క్వార్టరు పోతుంది. పేరు అప్పటికే పోయింది.

కొన్న బ్రేస్ కీళ్లు పదిహేను రోజుల్లో ఊగిపోయినాయి. రిటైరైన ఫిట్టర్ ఏబెల్ ముసలాయన కొత్తవి చేసి బిగించినాడు. ఇనుము ఎక్కడిదంటే, గడ్డిలో తుప్పుపట్టి పడున్న ఆ స్కిడ్‌దే.

కొత్త కీళ్లతో సుందర్ రాజు వీధిలో మొదటి అడుగు వేసిన క్షణాన, గిరిబాబు మంగలి కుర్చీలో సగం గడ్డంతో ఉన్నాడు. అతని ఎడమకాలు దానంతటదే లేచింది. సుందర్ రాజు అడుగేస్తే అతనూ అడుగేసినాడు. మంగలి కత్తి పట్టుకుని వెంటపడ్డాడు. "దాదా, ఆస్తే, మెల్లగా! ఇంకో చెంప ఉంది!"

ఎవరూ వింతపడలేదు. కొళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పక్కకి జరిపి దారిచ్చినారు. "సుందరన్న నడక నేర్చుకుంతన్నాడు, గిరిబాబు కాలు మరెలాగ ఊరుకుంతాది?" అనుకున్నారు, అంతే.

ఫిజియో రోజుకి రెండొందల అడుగులన్నాడు. సుందర్ రాజు రెండు వేలు వేసినాడు. గిరిబాబు కంచం ముందు కూచునే వేళ చూసి వేసినాడు, స్నానాల వేళ చూసి వేసినాడు. ఒకనాడు స్టేషన్ ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకి నడిచినాడు. నున్నగా గీసుకుని బయల్దేరినవాడికి అవతలి కొస చేరేసరికి మీసం మొలిచే ప్లాట్‌ఫారం అది. ఆ సాయంత్రం గిరిబాబు లుంగీతో కాలనీ దాటి, బజారు దాటి, ఎవరిదో పెళ్లిపందిట్లోంచి నడిచిపోయినాడు. కక్షని మించిన మందు లేదని చిట్టెమ్మకి అప్పుడే తెలిసింది. మొగుడి పిక్కలో కండ పడుతోంది.

నాలుగో నెలలో గిరిబాబు వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"ఒగ్గీ అన్నా. కాలు నాది, పెత్తనం నీది. ఏటి బతుకిది?"

"ఎంక్వయిరీలో నిజం సెప్పీ."

"సెప్తే నా ఉద్యోగం పోద్ది."

"అయితే నడు." సుందర్ రాజు లేచి నిలబడ్డాడు. గిరిబాబూ లేచినాడు, లేవక తప్పలేదు.

మర్నాడు పది గంటలకి నిమ్‌పురా వైపు గూడ్సు హారన్ వినిపించింది. ఆ వేళకి గిరిబాబు లైను పక్కనే నిలబడి, వచ్చే బండికి జెండా చూపిస్తుంటాడు. ముప్పయ్యేళ్లు అక్కడే పనిచేసినవాడికి అది తెలియదా? లైనుకీ అతనికీ ఒక్క అడుగు దూరం. సుందర్ రాజు ఇంటి అరుగు మీదే ఎడమ పాదం పైకెత్తినాడు.

చిట్టెమ్మ చేపలు తోముతూ తలెత్తకుండానే అంది. "సచ్చినోడు సాక్ష్యం సెప్పడయ్యా."

పాదం ఎత్తిన చోటే దిగింది.

ఆదివారం తెలుగు చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది, దేవుడు చేసిన మేలో తాము చేసిన తప్పో అందరి ముందూ చెప్పుకునే వేళ. అక్కడొక కట్టడి ఉంది. పాట నడుస్తుండగా ఎవరైనా ముందుకి పోయి బలిపీఠం దగ్గర నిలబడితే, సాక్ష్యం చెప్పకుండా వెనక్కి రాకూడదు. నోరు తెరిచేదాకా సంఘమంతా పల్లవే పాడుతుంది. సుందర్ రాజు ఆఖరి బల్ల నుంచి లేచి తొమ్మిది అడుగులు వేసినాడు. రెండో వరసలో కానుకల సంచి పట్టుకున్న సంఘపెద్ద గిరిబాబు తొమ్మిది అడుగులు వేసి, సంచితో సహా బలిపీఠం ముందు తేలినాడు. సుందర్ రాజు అక్కడే పాదం ఊని ఆగిపోయినాడు. గిరిబాబు మడమ నేలకి అతుక్కుపోయింది.

పల్లవి మళ్లీ ఎత్తుకున్నారు. నలభైసార్లు పాడినారు. నూట నలభై అన్నా తప్పులేదు. డోలక్ వాయించేవాడి అరచేతులు పొంగినాయి. ఇళ్లలో మాంసం కూర అడుగంటుతోంది. పాస్టరమ్మ కసిరింది. "సెప్పీవయ్యా బాబూ, పిల్లలు ఆకలికి ఆగలేకపోతన్నారు!"

"మా అమ్మకి జొరం తగ్గింది..." అన్నాడు గిరిబాబు.

సుందర్ రాజు పాదం కదల్లేదు, గిరిబాబుదీ కదల్లేదు. సంఘం మళ్లీ పాటందుకుంది.

అప్పుడు గిరిబాబు కూలిన గోడలా చెప్పేసినాడు. స్కిడ్ లాక్కున్నదీ, గడ్డిలోకి విసిరిందీ, రాసిచ్చిన అబద్ధమూ. యార్డులో సగంమంది ఆ బల్లల మీదే ఉన్నారు. ఒక్కరూ ఆమెన్ అనలేదు.

సోమవారం ఎంక్వయిరీకి గిరిబాబుకి రాక తప్పలేదు. గడపలో కాలు కదలక నిలబడి, అవతలి వీధిలో సుందర్ రాజు టీ తాగడం అయ్యేదాకా ఎదురు చూసినాడు. ఆ టీ గంట తాగినాడు సుందర్ రాజు. తర్వాత ఇద్దరూ ఒకే అడుగుతో ఆఫీసు మెట్లెక్కినారు. యార్డు వాళ్లు ముప్పైమంది వెనకే వచ్చినారు. గిరిబాబు పాత వాంగ్మూలం కొట్టేసి, కొత్తది తన చేత్తో రాసి సంతకం పెట్టినాడు. ఆఫీసరు సుందర్ రాజు పేరు మీద తప్పు తీసేసి, ఆ తప్పు గిరిబాబు పేరు కింద రాసుకున్నాడు.

బయట వరండాలో గిరిబాబు చేతులు జోడించినాడు. "అయిపోనాది గదన్నా. ఇంక ఆ పట్టీ ఇప్పీ."

సుందర్ రాజు వంగి పిక్క దగ్గర పట్టీ తడిమి చూసుకున్నాడు. ఇంకొంచెం బిగించినాడు.

"ఫిజియో ఆరు నెలలు నడమన్నాడు తమ్మీ. ఇంకా రెండున్నాయి."

ఎడమ పాదం ఎత్తినాడు.