సన్నని ధార

మార్గశిరమాసమున మదనపల్లె పట్టణమును హిమము క్రమ్ముకొనెను. కొండలమీదినుండి దిగివచ్చిన మంచుతెర వీథుల నావరించి ప్రాచీదిగంతమున నుదయించిన భానుబింబమును పాలిపోయిన యిత్తడి పళ్లెరమువలె జూపుచు సంతకు బోవు టొమాటో బండ్లను పాలవాండ్ర సైకిళ్లను టీకొట్టు ముంగిట మూగిన జనమును నొక్క ధూసరవర్ణమున ముంచివేసినది. అట్టి ప్రభాతసమయమున నొక డాబాయింటి వెనుకటి వరండాలో చెంగల్రాయుడను నేబదియెనిమిదేండ్ల పురుషుడు గోడకు దగిలించిన గ్యాసు గీజరు నెదుట నిలిచి దాని చిన్న కిటికీలోనికి తొంగిచూచుచుండెను. విద్యుచ్ఛాఖలో ముప్పదియేండ్లు లైనుమనుగా నుండి గాలివానలలో కంబములెక్కి తెగిన తీగలను ముడివేసి యూరూరికి వెలుగునిచ్చిన యా ధీరునకు నేడొక జానెడు మంటను నిలుపుట చేతగాకున్నది. ఏమి చెప్పుదుము!

ఆయన భార్య కనకవల్లి. స్వయాన మేనమామ కూతురు. రెండేండ్ల క్రిందట నామెకు మెదడువాపు జ్వరము వచ్చినది. పోయినది. పోవుచు పోవుచు నామె జ్ఞాపకమునెల్ల మూటగట్టుకొని పోయినది. నాటినుండి యామెకు వంటయిల్లు తెలియదు వాకిలి తెలియదు ముప్పదియైదేండ్లు కాపురము చేసిన మగని మొగము తెలియదు. ఐనను ప్రతిదినము ప్రాతఃకాలమున గోరువెచ్చని నీరు శిరస్సుపై జాలువాఱునప్పుడు మాత్రము కన్నులు మూసికొని పెదవులు కదల్చి "బావా" యని యొక్కసారి పిలుచును. ఆ యొక్క పిలుపు కొఱకు చెంగల్రాయుడు తక్కిన దినమంతయు బ్రదుకుచుండెను. దాచనేల? అంతకు మించి యాతనికి లోకమున వేఱేమియు లేదు.

ఆ పాడు గీజరు మూడు వారములుగా నమ్మించి గొంతు కోయుచున్నది. ఒకనాడు నిక్షేపముగా మండును. మఱునాడు స్నానము నడుమ టప్పున నాఱిపోవును. అంతట మంచుగడ్డవంటి చన్నీరు కనకవల్లి తలపై బడును. మొదటిసారి యామె వెక్కి వెక్కి యేడ్చెను. రెండవసారి యాతని మణికట్టు కొఱికెను. మూడవసారి యాతని చేతిలో నీరు పోయు రబ్బరు గొట్టమును జూచుటతోడనే మూలకు బోయి గోడ నానుకొని వడవడ వణకెను. పిలుపు నిలిచిపోయి నేటికి పదునొకండు దినములు.

తీగలతో బ్రదికినవాడు గావున చెంగల్రాయుడు దోషమెల్ల తీగలలోనే యున్నదని నమ్మెను. బ్యాటరీలు మార్చెను. నిప్పురవ్వను రాల్చు సూదిని గరుకు కాగితముతో రుద్ది రుద్ది మెఱయించెను. దానికి బోవు తీగను తీసివైచి క్రొత్తది తగిలించెను. కుళాయి నిండుగా త్రిప్పి యిరువదిమారులు పరీక్షించెను. ఇరువదిమారులును మంట భగ్గుమనెను. మఱునాడు మరల నదే కథ. అయ్యో, ఎవనితో మొఱపెట్టుకొనును?

బజారులో పొయ్యిలను గీజర్లను బాగుచేయు దస్తగిరి యప్పటికి మూడుమారులు వచ్చిపోయెను. నాలవమారు వచ్చినవాడు గీజరు మూత విప్పి కూర్చుండి తల గోకికొనెను.

"రాయుడన్నా, నేనొచ్చినపుడంతా బాగనే మండతాది. నువ్వేమో ఆరిపోతాదంటావు. నాకు పిచ్చెక్కతాండాది."

"పదకొండు దినాలాయ దస్తగిరీ, ఆయమ్మి నన్ను పిలిచి. ఇంగ నావల్ల కాదురా నాయనా" యని చెంగల్రాయుడు నేలపై చతికిలబడి మొగము చేతులలో దాచుకొనెను.

దస్తగిరి లేచి యిట్లనెను. "ఈపొద్దు నేను కుళాయి ముట్టను. నువ్వు వదినకు దినామూ ఎట్ల పోస్తావో అట్లనే చేసి సూపించు. నేనీడ నిలబడి మంటను సూస్తా."

చెంగల్రాయుడు స్నానపుగదిలోనికి బోయెను. ఎవ్వరును లేని పీట యెదుట కూర్చుండి యామె యున్నట్లే భావించి కుళాయి త్రిప్పి గొట్టము చేబట్టెను. నీరు జోరుగా వచ్చి యఱచేతికి దాకెను. ఇంత జోరు తలపై బడిన నామె యోర్వలేదని కుళాయిని కొంచెము కట్టెను. ఇంకను కొంచెము కట్టెను. ధార నూనెవలె సన్నగిల్లి మెత్తనైనది.

"ఆరిపాయ!" యని వెలుపలినుండి కేక వినవచ్చెను. "అన్నా, ఆడనే నిలుపు! ఏం చేసినావు?"

"సన్నంగా తిప్పినాను. గట్టిగా పడితే ఆయమ్మికి తలకాయ నొస్తాదని."

దస్తగిరి తలుపు కడకు వచ్చి నిలిచెను. "అన్నా, దీంట్లో తప్పేం లేదు. నీల్లు జోరుగా వస్తేనే లోపల రబ్బరు పొర లేసి గ్యాసును ఇడుస్తాది. జోరు తగ్గితే మూసుకుంటాది. పొర ముదిరిపోయింది, మారుస్తా. అయినా నువ్వింత సన్నంగా ఇడిస్తే కొత్తదైనా ఆరతాది. నిండా తిప్పి బకెట్టుకు పట్టుకో. చెంబుతో పొయ్యి."

చెంగల్రాయుడు కుళాయి కట్టివేసి గడచిన దినములను నెమరువేసికొనెను. ఆమె మూలిగిననాడు ధారను మఱింత సన్నము చేసెను. మూలుగనినాడు చేయలేదు. మంట యాఱుటకును వెలుగుటకును గల మర్మమింతియే. ఆమెకు నొప్పి గలుగరాదని తాను మురిపెముతో త్రిప్పిన చేయియే యామెపై చన్నీరు గ్రుమ్మరించినది. కంబమెక్కినవాడు నేలవైపు చూడనట్లు తీగలనే చూచి తన చేతిని చూచుకొనడయ్యెను. ఇప్పుడెవరిని తిట్టును?

దస్తగిరి పొర మార్చి వెడలెను. మఱునాటి యుదయమున గీజరు నిండుగా మండెను. బకెట్టునుండి పొగలు లేచుచుండెను. చెంగల్రాయుడు మోచేతితో వేడి పరీక్షించి చన్నీరు కలిపి మరల పరీక్షించి భార్యను తెచ్చి పీటపై కూర్చుండబెట్టెను. చెంబు చేబట్టెను. అంతే! కనకవల్లి రెండుచేతులును జోడించెను.

"వద్దు నాయనా. నీకు దండం పెడతా. సల్లనీల్లు పొయ్యబాక."

ఆతడు తన చేతిపై బోసికొని చూపెను. నవ్వుటకు ప్రయత్నించెను. ఆమె పాదముపై రెండు చుక్కలు చిలికెను. వెచ్చని చుక్కలే. ఐనను నామె కెవ్వున నఱచి తల మోకాళ్ల నడుమ దాచుకొనెను. యంత్రమున కొక క్రొత్త పొర వేసిన సరిపోయినది. ఈ భయమునకు వేయదగిన పొర యే బజారునను దొరకదు.

చెంబు క్రింద బెట్టి పొరుగింటి గురవమ్మను బ్రతిమాలి పిలుచుకొని వచ్చెను. ఆమె లోనికి బోయి తలుపు మూసెను. చెంగల్రాయుడు వరండాలో నిలిచి చెవి తలుపునకు జేర్చెను. నీటి చప్పుడు. గురవమ్మ బుజ్జగింపు. మరల నీటి చప్పుడు. అప్పుడు పండ్రెండవనాటి కా గొంతు వినవచ్చెను.

"బావా!"

ఆతడు తలుపు త్రోయుటకు చేయి చాచెను. లోపలినుండి కనకవల్లి బెదరుగా మరల నిట్లనెను.

"బావా, యాడుండావు? ఆ సల్లనీల్లాయన మల్లా వచ్చినాడు. లోపలికి రానీబాక."

చాచిన చేయి యట్లే యాగిపోయెను. కన్నీరు గడ్డముదాక జాఱెను. ఆతడు తలుపునకు నోరు చేర్చి పలికెను.

"ఈడనే ఉండానులే వల్లీ. వాన్ని రానీను. నువ్వు పోసుకో."

"సరే బావా" యని లోపల నామె నెమ్మదించెను. నీటి చప్పుడు సాగెను. నాటినుండి గీజరొక్కనాడును నాఱలేదు. చెంగల్రాయుడొక్కనాడును లోనికి బోలేదు. ప్రతి యుదయమును నా తలుపు వెలుపల నిలిచి తాను లోనికి రాకుండ తానే కావలి కాయుచుండెను.