రెండో మనిషి కొలత

ఆ షెడ్డులో అతని పేరు పంపుసెట్టు. నలభై ఏళ్లు వచ్చేదాకా పొలాల్లో నీళ్లు తోడే ఇంజన్లు బాగుచేసి, ఇప్పుడు పందెం కార్ల ఇంజన్లు కట్టడం నేర్చుకుంటానని వచ్చినవాడికి అంతకన్నా మంచి పేరు ఎవరు పెడతారు? పదకొండు నెలలు కిరసనాయిలులో విడిభాగాలు కడిగాడు. పన్నెండో నెలలో షెడ్డు యజమాని, పెద్దాయన, ఒక ఇంజన్ అప్పగించాడు.

"ఇది నువ్వే కట్టు. టెస్టు బెంచి మీద నిలబడిందా, ఆదివారం పందెంలో కారుకి ఇదే బిగిస్తాం, కిటికీ పక్క బల్ల నీకే. నిలబడలేదా, కిరసనాయిలు డబ్బా ఎక్కడికీ పోలేదు."

ఫ్యాక్టరీలో కట్టిన ఇంజన్‌కి ఇంచుమించు అన్న మాట చెల్లుతుంది. ఇక్కడ చెల్లదు. నాలుగు పిస్టన్లనూ తూచి, వాటిలో తేలికైనదాని బరువుకి మిగతా మూడింటినీ అరగదీసి తేవాలి. సిలిండర్ల లోపలి వెడల్పును, అంటే బోరును, ఒక్కోదానిలో ఆరు చోట్ల మిల్లీమీటరులో వందో వంతు దాకా కొలిచి, డ్రాయింగులోని అంకెకు తేవాలి. దీన్నే బ్లూప్రింటింగ్ అంటారు. దానిమీద ఆ షెడ్డుకి ఒక కట్టుబాటు కూడా ఉంది. ఒకరు కొలిచి మొదటి గడిలో రాస్తే, ఆ కాగితం చూడకుండా ఇంకొకరు కొలిచి రెండో గడిలో రాయాలి.

ఆ ఇంకొకరే అతనికి లేరు. పెద్దాయన కాక ఆ కొలత గేజి పట్టగలిగినవాడు లేత్ మేస్త్రి ఒక్కడే. ఎనిమిది నెలల కిందట, ఆయన తిప్పిన షాఫ్టు వంకర ఉందని పంపుసెట్టు కారు యజమాని ఎదుటే అన్నాడు. నిజంగానే ఉంది. లేకపోయి ఉంటే మేస్త్రి ఎప్పుడో క్షమించేసేవాడు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మేస్త్రి మాట్లాడనివాడితో షెడ్డులో మిగతావాళ్లూ అవసరం మేరకే మాట్లాడేవారు.

"ఎవరితోనైనా మాట్లాడుతున్నావురా?" అని అక్క ఫోన్లో అడిగింది.

"ఎందుకు మాట్లాడను? పొద్దున్నే కొళాయితో మొదలుపెడతా."

"కొళాయి ఏమంటుంది?"

"నీకన్నా నయం. కట్టేస్తే ఆగుతుంది."

అక్క నవ్వింది. ఫోన్ పెట్టేశాక గది ఉన్నట్టుండి పెద్దదైపోయింది. ఒక మంచం, ఒక కంచం, ఒక గ్లాసు.

మంగళవారం, ఈ పని కోసమని ఇచ్చిన కిటికీ పక్క బల్ల మీద, మొదటి గడి నింపాడు. లేత్ దాకా రెండుసార్లు నడిచాడు. ఒకసారి నూనెగుడ్డ కోసం వచ్చినట్టు గుడ్డ తీసుకుని, రెండోసారి ఆ గుడ్డనే అక్కడ పెట్టి తిరిగొచ్చాడు. గురువారం కాగితం బోర్లించి తానే మళ్లీ కొలిచాడు. దొంగ అంకెలు వేయలేదు, ఇరవై నాలుగు చోట్లా నిజంగానే కొలిచాడు. అన్నీ చెక్కుచెదరకుండా కలిశాయి. పొంగిపోయి, రెండో గడి కింద సంతకం చోట ఒక పిచ్చిగీత గీసి ఇంజన్ బిగించేశాడు.

శుక్రవారం పెద్దాయన కాగితం చేతికి తీసుకున్నాడు.

"రెండోది ఎవరు కొలిచారయ్యా?"

"తేడా ఏమైనా వచ్చిందా అండీ?"

"రాలేదు. అదే నా బాధ. కవలలైనా ఒకడు ముందు తుమ్ముతాడు, ఒకడు వెనక తుమ్ముతాడు. ఇద్దరు మనుషులకి ఇరవై నాలుగు చోట్ల ఒక్క అంకె తేడా రాదా?"

"నేనేనండీ."

"రెండూనా?"

"రెండూ."

పెద్దాయన కేకలు వేయలేదు. వేసి ఉంటే ప్రాణానికి తేలికగా ఉండేది. "విప్పు. విప్పి మేస్త్రిని పిలు. నేను పిలవను," అన్నాడు.

విప్పేసరికి మధ్యాహ్నమైంది. "మేస్త్రి గారూ" అని మూడోసారి అన్నప్పుడు లేత్ ఆగింది.

"నాతోనేనా? గోడతో అనుకున్నా."

"ఒకసారి బోరు కొలవాలండీ."

"నా కళ్లకి వంకర కనపడదుగా బాబూ."

"ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది."

"అనాల్సిందే. పక్కకి పిలిచి అనాల్సింది."

చేతులు తుడుచుకుని వచ్చి కొలిచాడు. ఆయన చెబుతుంటే పంపుసెట్టు రాశాడు. ఇరవై నాలుగు చోట్లా కాస్త అటూ ఇటూగా రెండేసి వందో వంతులు తక్కువ.

"ఏదీ, నువ్వు పట్టు," అన్నాడు మేస్త్రి. చూసి నుదురు కొట్టుకున్నాడు. "వాల్చేస్తున్నావయ్యా! అడ్డంగా కొలవాల్సినదాన్ని ఏటవాలుగా కొలిస్తే ఎక్కువ రాక ఏమొస్తుంది? మెల్లగా ఊపు. ముల్లు వెనక్కి తిరిగే చోట చదవాలి. పంపుసెట్లకేముంది, నీళ్లొస్తే చాలు."

ఎన్నేళ్లుగా అలా పడుతున్నాడో అతనికే తెలియదు. ఆ చేయి వందసార్లు కొలిచినా అదే అబద్ధం అంతే నమ్మకంగా చెప్పేది. అలాగే పరుగెత్తించి ఉంటే పిస్టన్ వేడికి ఉబ్బి, సందు చాలక గోడను పట్టేసేది.

మేస్త్రి గేజి పెట్టేసి లేత్ దగ్గరికి వెళ్లిపోయాడు. పెద్దాయన కారుకి పాత ఇంజన్ బిగించమన్నాడు. పంపుసెట్టును కిటికీ పక్క బల్ల ఖాళీ చేయమన్నాడు. "ఇంజన్ బ్లాకు నీ దగ్గరే ఉంచుకో. రెండు గడులూ నింపి, ఆ అంకెల మీద గోడలు సరిచేసి తీసుకురా."

ఆదివారం వ్యాను అందరినీ ఎక్కించుకుని పందేనికి వెళ్లింది. వెనక సీటు ఖాళీగానే ఉంది. రమ్మని ఎవరూ అనలేదు, వస్తానని అతనూ అనలేదు. షెడ్డు తలుపు సగం తెరిచి, కిరసనాయిలు డబ్బా పక్కనే నేల మీద బ్లాకు ముందు కూర్చున్నాడు. గేజి దించి మెల్లగా ఊపాడు. ముల్లు వెళ్లి, ఆగి, వెనక్కి తిరిగింది. మేస్త్రి చెప్పిన అంకె కన్నా వందో వంతులో సగం అటు, అంతే.

"వచ్చిందండీ," అన్నాడు పైకే. గొంతు బొంగురుగా పలికింది. పొద్దుటి నుంచీ అదే మొదటి మాట.

సాయంత్రానికి ఇరవై నాలుగూ పూర్తయ్యాయి. కొత్త కాగితం మీద మొదటి గడి నింపి, రెండో గడి ఖాళీగా వదిలి, ఎగిరిపోకుండా దానిమీద ఒక పిస్టన్ పెట్టి తలుపు వేశాడు.