కన్నీటి నివాళి ఫ్లెక్సీ

ఈపూరు సెంటర్లో ఫ్లెక్సీ కట్టిన కాసేపటికే ఊరు ఊరంతా పరుగున వచ్చేసింది. సైన్సు టీచర్ ప్రత్యూషకి సంతోషం పట్టలేదు. కొలంబియా నౌకతోపాటు కాలిపోయిన కల్పనా చావ్లానీ, తోటి ఆరుగురినీ తలుచుకుందాం రండని పోయినేడాది పిలిస్తే నరపురుగు రాలేదు. ఈసారీ ఎవరూ రాకపోతే ఇక ఈ సభ ఊసే ఎత్తనని తోటి టీచర్లకి మాటిచ్చేసింది. ఇప్పుడు చూడబోతే దండలు కూడా తెస్తున్నారు!

"మొన్నటిదాకా దుక్కలా ఉండెగా నాగేశ్వరరావు! ఏందమ్మా ఈ ఘోరం?" అంటూ ఒకావిడ ముక్కు చీదింది.

ప్రత్యూష తలెత్తి చూసింది. పైన 'కన్నీటి నివాళి'. దాని కింద నిలువెత్తున, మీసంతో సహా, మాజీ సర్పంచ్ నాగేశ్వరరావు. టెంటు, ఫ్లెక్సీ ఖర్చంతా ఆయనదే. తన ఫొటో పెద్దగా ఉండాలన్నది ఆయన షరతు. పాపం వ్యోమగాములు ఏడుగురూ అడుగున, ఫ్లెక్సీ కట్టించినవాళ్ళుండే చోట, చిన్న చిన్న గుండ్రాల్లో ఇరుక్కున్నారు.

"అందరూ ఒకే డ్రెస్సులో నవ్వుతున్నారు గదా టీచర్. యూత్ వాళ్ళనుకున్నా," అన్నాడు ఫ్లెక్సీ కొట్టు ఆదిల్.

అంతలో టెంటు వెనక బండి ఆగింది. జేవురించిన మొహంతో నాగేశ్వరరావు దిగాడు. "ఒరేయ్ ఆదిల్! బతికుండగానే చంపేస్తావేంట్రా? పీకెయ్ దాన్ని!"

ప్రత్యూష అడ్డం పడింది. "బాబాయ్ గారూ, మీకు దణ్ణం పెడతా. జనమంతా మీకోసమే వచ్చారు. కాసేపు పోయినట్టే ఉండండి. ఆ ఏడుగురి పేర్లూ చదివేస్తా."

ఆయన తిట్టబోయాడు. పరదా సందులోంచి తనకోసం వచ్చిన జనాన్ని చూసుకున్నాడు. మీసం దువ్వి, అక్కడే కుర్చీలో కూలబడ్డాడు.

ప్రత్యూష మైకందుకుంది. ఏడు పేర్లూ చదివింది. పైన పనంతా ముగించుకుని, ఇంకో పావుగంటలో నేల మీద దిగాల్సినవాళ్ళని చెప్పింది. దిగేచోట ఇంటివాళ్ళు ఆకాశం వంక చూస్తూ నిలబడ్డారని చెప్పింది. ముక్కు చీదే ఆవిడ కూడా ఆగిపోయింది.

"మరి నాగేశ్వరరావు సంగతేంది?" అని ఎవరో అరిచారు.

పరదా కదిలింది. చచ్చినాయన నడుచుకుంటూ వచ్చాడు. కేకలు, ఈలలు, నవ్వులు! ఆయన మైకు లాక్కుని, తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు.

"నేను పొద్దున పోయా, ఇదుగో వచ్చా. వాళ్ళు పావుగంట దూరానికొచ్చి కూడా ఇల్లు చేరలేదంట. ఆ దండలు వాళ్ళకెయ్యండ్రా!"

జనం ఒకరినొకరు తోసుకుంటూ ఫ్లెక్సీ అడుగుకి వంగారు.