పందొమ్మిది నట్ల దమ్ము

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లు: కుట్టుమిషను ముందు అమ్మమ్మ, వంటగదిలో అమ్మ, ముందుగదిలోని రిపేరు షాపులో మావయ్య, కిటికీ దగ్గర నేను. నాలుగు మోటార్లను కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ రోజు జరిగినదంతా వాటి గురించే.

అవి చిన్న మోటార్లు. పసుపు రంగు ప్లాస్టిక్ పెట్టెలో గేర్లు, పెట్టె బయటికి చిటికెన వేలి గోరంత తెల్లటి ఇరుసు. రోబో బండికి రెండు చాలు, రెండు అదనం. బండి నేనే కట్టాను. అట్ట, రెండు చక్రాలు, ముందు ఒక గోళీ. నడిచింది కానీ తిన్నగా నడవలేదు. ఎప్పుడు వదిలినా ఎడమకు తిరిగి గోడకు గుద్దుకునేది. దూరంగా ఉన్న పెద్ద బడిలో పోటీ ఉంది. మా బడి నుంచి ఒక్క బండినే పంపుతారు. అది నా బండి అవుతుందా, లేక నాది బడి బీరువాలో పడుతుందా అన్నది ఆ రోజు సాయంత్రం నాలుగింటికి తేలిపోతుంది. నాలుగింటికి లెక్కల మాస్టారు మా ఇంటికి వస్తానన్నారు. మోటార్ల గురించి మా మావయ్య ఏం చెబితే అదే చేస్తానన్నారు.

మావయ్య అప్పటికే చెప్పేశాడు. పొద్దున నాలుగింటినీ ఒక్కొక్కటిగా బ్యాటరీకి కలిపి, తిరుగుతున్న ఇరుసును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకున్నాడు. నాలుగూ ఆగిపోయాయి. "దమ్ము లేదే గుసగుసా, ఆటబొమ్మ సరుకు," అని చేతులు దులుపుకున్నాడు. గుసగుస అంటే నేనే. నా మాట పక్కవాళ్లకు కూడా వినపడదని ఆయన పెట్టిన పేరు. పంపుసెట్టు మోటారైనా, ఫ్యానైనా మావయ్య ఇరుసును పట్టుకుని చూసే చెబుతాడు. ఆ చెయ్యి తప్పడం మా ఊళ్లో ఎవరూ చూడలేదు. అందుకే మాస్టారు కూడా ఆ చేతిని నమ్ముతారు.

నేను మాత్రం నమ్మలేదు. మావయ్య చేతిలో బలం ఎక్కువుంటే ఏ చిన్న మోటారైనా ఆగుతుంది కదా అనిపించింది. ఏది ఎంత బలమో విడివిడిగా తెలియాలి. సమానమైన రెండింటిని బిగిస్తే బండి తిన్నగా పోతుంది. ఈ మాట మావయ్యతో అనబోయాను. నోరు పెగల్లేదు. డైరీలో రాసుకున్నాను. నాకు అంతవరకే వచ్చు.

బలం తెలియాలంటే బరువు ఎత్తించాలి. ఇరుసుకు ఒక చిన్న గిలక లాంటిది తగిలించి, దానికి దారం చుట్టి, దారం చివర సంచి కట్టి, సంచిలో బరువులు వేస్తూ పోవాలి. గిలక మా ఇంట్లో ఎక్కడుంటుంది? అమ్మమ్మ మిషను సొరుగులో దొరికింది, మిషను కింది దారం చుట్టే బాబిన్, తుప్పు పట్టిన పాత ఇనపది. రెండువైపులా అంచులున్నాయి కాబట్టి దారం పక్కకు జారిపోదు.

"పోగొట్టావంటే నీ చెవి కమ్మ తీసి మిషన్లో పెట్టుకుంటాను," అంది అమ్మమ్మ, తల ఎత్తకుండానే. లైనింగు ముక్కతో చిన్న సంచి కూడా కుట్టి ఇచ్చింది. ఎందుకని అడగలేదు.

బరువులకు నట్లు కావాలి. అన్నీ ఒకేలా ఉండాలి. మావయ్య షాపులో పాత రంగు డబ్బా నిండా ఒకే సైజు నట్లున్నాయి. అడిగితే ఇవ్వడని తెలుసు, అందుకే అడగలేదు. ఆయన భోజనానికి లేచినప్పుడు ఇరవై ఐదు తెచ్చుకున్నాను. రాసుకునే చోట అబద్ధం ఎందుకు?

మోటారును కిటికీ గట్టు మీద పెట్టి, ఇరుసు మాత్రం గట్టు దాటేలా చూసి, కదలకుండా పైన ఇటుక పెట్టాను. బాబిన్‌ను ఇరుసుకు తొడిగి, మిషను దారం మూడు పేటలు పేని దానికి కట్టాను. సంచిలో మూడు నట్లు వేసి బ్యాటరీ కలిపాను. మోటారు గుయ్యిమంది. సంచి కదల్లేదు. రెండో మోటారు పెట్టాను, కదల్లేదు. మూడోది, నాలుగోది కూడా అంతే.

చెయ్యి తుడుచుకుంటూ మావయ్య అటుగా వచ్చి సంచిని చూశాడు. నట్లు సంచి లోపల ఉన్నాయి కాబట్టి కనపడలేదు.

"ఏంటది, ఊయలా? పాపం, ఊగడం కూడా రాలేదు."

అమ్మ వంటగదిలోంచి నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. మేం ఉంటున్నది అమ్మ తమ్ముడి ఇంట్లో. అమ్మ ఆ ఇంట్లో ఎవరి మాటకూ అడ్డం రాదు. మావయ్య మధ్య తలుపు తీసుకుని షాపులోకి పోయాడు. ఇంకొక్కసారి బ్యాటరీ కలిపాను, ఎందుకో నాకే తెలియదు.

మాట్లాడని మనిషికి చెవులు బాగా పనిచేస్తాయి. మోటారు గొంతు మారలేదని అప్పుడు గమనించాను. ఖాళీగా తిరిగినప్పుడు ఎలా గుయ్యిమందో ఇప్పుడూ అలాగే గుయ్యిమంటోంది. బరువు మోస్తున్న మోటారు మూలుగుతుంది. షాపులో రోజూ వింటూనే ఉన్నాను. ఇది మూలగడం లేదంటే దీని మీద బరువు పడడమే లేదు.

అమ్మమ్మ గుడ్డ మీద గీతలు గీసే రంగు సుద్ద తెచ్చి ఇరుసు కొస మీద ఒక చుక్క, బాబిన్ మీద ఒక చుక్క పెట్టాను. బ్యాటరీ కలిపాను. ఇరుసు చుక్క గిర్రున తిరుగుతోంది. బాబిన్ చుక్క ఉన్నచోటే ఉంది.

ఇరుసు గుండ్రంగా లేదు మరి. రెండు పక్కలా చెక్కేసినట్టు చదునుగా ఉంది. బాబిన్ రంధ్రమేమో గుండ్రం. లోపల ఇరుసు ఊరికే జారి తిరుగుతోంది. దమ్ము లేనిది మోటారుకు కాదు, నేను బిగించిన పద్ధతికి.

అగ్గిపుల్లను నిలువునా చీల్చి, ఒక్కో చదును వైపు ఒక్కో చీలిక పెట్టి బాబిన్‌ను గట్టిగా నొక్కాను. ఇప్పుడు వేలితో తిప్పి చూసినా బాబిన్ విడిగా కదల్లేదు. బ్యాటరీ కలిపాను. మూడు నట్లతో సంచి తాపీగా పైకి వచ్చింది. అయిదు వేశాను. పది వేశాను. మోటారు మూలగడం మొదలుపెట్టింది. ఆ మూలుగు విని నేను నవ్వాను. ఇరవయ్యోది వేయగానే ఆగిపోయింది.

నాలుగూ అలాగే చూశాను. ఒకటోది పందొమ్మిది నట్లు ఎత్తింది. రెండోది ఇరవై మూడు. మూడోది పందొమ్మిది. నాలుగోది పన్నెండే ఎత్తగలిగింది. బ్యాటరీ దిగిపోవడం వల్లనేమోనని మళ్లీ ఒకటోదాన్ని పెట్టి చూశాను. పందొమ్మిదే. నేను బండికి బిగించినవి ఒకటి, రెండు. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు పెట్టి, తిన్నగా నడవమని దాన్ని తిట్టుకుంటూ వచ్చానన్నమాట.

నాలుగు కొట్టేసరికి మాస్టారు వచ్చారు. మావయ్య స్టూలు వేసి కూర్చోబెట్టాడు. నేను మధ్య తలుపు గడప మీద నిలబడ్డాను. డైరీ వీపు వెనక పట్టుకున్నాను.

మావయ్య చెప్పుకుపోయాడు. నాలుగూ చూశానన్నాడు, పట్టుకుంటే ఆగిపోతున్నాయన్నాడు, పిల్ల ముచ్చటపడింది గానీ పెద్ద బడి ముందు నవ్వులపాలు అవుతామన్నాడు. మాస్టారు తలూపుతూ విన్నారు. తర్వాత నావైపు తిరిగి నువ్వేమంటావమ్మా అని అడిగారు. అలవాటు కొద్దీ అడిగారు, జవాబు కోసం కాదు. అలాంటప్పుడు నేను ఎప్పుడూ నీళ్లు నములుతాను. ఆయన అప్పటికే మొహం అటు తిప్పేసుకుంటున్నారు.

"పందొమ్మిది," అన్నాను.

నా గొంతు షాపు బయట రోడ్డు దాకా వినపడింది. అమ్మమ్మ మిషను ఆగింది.

"పందొమ్మిదేంటి?" అన్నాడు మావయ్య.

"నట్లు. ఒకటోది పందొమ్మిది ఎత్తింది, మూడోది పందొమ్మిది ఎత్తింది. ఆ రెండూ జత. రెండోది ఇరవై మూడు, నాలుగోది పన్నెండు. అవి జతకు పనికిరావు."

"నట్లా? ఎవరి నట్లు?"

"నీవే మావయ్యా."

మాస్టారు లేచి కిటికీ దగ్గరకు వచ్చారు. ఆయన చేతులతోనే నట్లు వేయమన్నాను. పందొమ్మిది వేశాక సంచి పైకొచ్చింది. ఇరవయ్యోది వేయగానే మధ్యలో నిలిచిపోయింది. అగ్గిపుల్ల చీలికల్ని కళ్లద్దాలు సర్దుకుని మరీ చూశారు. అవి ఎందుకు పెట్టావని అడిగారు. మొదట బాబిన్ జారి సంచి లేవలేదని, తప్పు నాదేనని చెప్పాను. ఆ ముక్క చెప్పడానికి నాకు సిగ్గు వేయలేదు.

మావయ్య గుమ్మంలోంచి కదల్లేదు. "నా వేళ్లకి నాలుగూ ఆగాయి కదా మాస్టారూ," అన్నాడు.

"నీ వేళ్లు ఎన్ని నట్లో మనకు తెలీదు కదా మావయ్యా," అన్నాను.

వంటగది తలుపు చాటున అమ్మ నవ్వింది. ఆ ఇంట్లో అమ్మ నవ్వడం చాలా రోజులకు విన్నాను. మాస్టారు నవ్వు ఆపుకుని, జేబులోంచి పోటీ కాగితం తీసి, బండి పేరు ఉండాల్సిన చోట నా పేరు రాసుకున్నారు. ఒకటి, మూడు బిగించి రేపు బడికి తెమ్మన్నారు.

ఆయన సైకిలు మలుపు తిరిగేదాకా మావయ్య చూస్తూ నిలబడ్డాడు. తర్వాత డబ్బా తెచ్చి నా ముందు పట్టుకున్నాడు. ఇరవై ఐదు నట్లూ ఒక్కొక్కటిగా అందులో వేశాను. సంచి, బాబిన్ నా దగ్గరే ఉంచుకున్నాను, అవి అమ్మమ్మవి.

"పాతికేళ్లుగా ఈ చెయ్యే నా కొలత," అన్నాడు మెల్లగా. "దీన్ని నట్లతో తూస్తావుటే?"

తప్పయిందని చెబితే అక్కడితో అయిపోయేది. అమ్మ నన్ను చూస్తున్న చూపులోనూ ఆ మాటే ఉంది. నా నోటిదాకా కూడా వచ్చింది. కానీ నాలుగు మోటార్లకూ దమ్ము లేదన్నది ఆ చెయ్యే.

"తూస్తాను మావయ్యా. కావాలంటే ఇప్పుడే. చెయ్యి చాపు."

ఖాళీ సంచిని ఆయన ముందుకు చాపాను. మావయ్య తన బొటనవేలినీ చూపుడువేలినీ కాసేపు చూసుకున్నాడు. వాటిని ఒకదానితో ఒకటి రుద్దుకున్నాడు. తర్వాత డబ్బా చంకలో పెట్టుకుని షాపులోకి అడుగు వేసి, సంచి చాపి నిలబడ్డ నా మొహం మీదే మధ్య తలుపు మూసేశాడు.