వాటా వద్దన్నవాడు

కల్యాణదుర్గంలో నరసింహులు నెట్ సెంటర్‌లో ఆట మొదలైందంటే వీధి చివరి దాకా కేకలు వినబడేవి. ఒకే కోటలోకి ఎంతమందైనా దూరి కొట్టుకునే ఆట అది. ఎవరి దగ్గర ఏ కత్తి ఉంది, ఎవరు చచ్చారు, ఎవరు బతికారు అన్నీ చూసుకుంటూ ఆటను నడిపే ప్రోగ్రామును సర్వర్ అంటారు. ఏ దేశం వాళ్లో రాసి ఊరికే ఇచ్చేశారు. తీసుకోండి, విప్పి చూసుకోండి, బాగు చేసి నలుగురికీ పంచండి, అంతే షరతు. ఊరికే వచ్చేదంటే ఎవరికైనా అనుమానమే గానీ, నరసింహులుకు ఆ మాటలు చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

అయితే ఆ దేశాల్లో కరెంటు పోదు కాబోలు. కరెంటు పోయిందా, సర్వర్ అన్నీ మర్చిపోయేది. పొద్దంతా పోరాడి సంపాదించుకున్న కత్తులు గాలికి పోయేవి. రెండువేల నాలుగులో మన వైపు కరెంటు పోవడం వింతా? ఉంటేనే వింత.

ఆ జబ్బు కుదర్చడానికి కూర్చున్నారు ఇద్దరు. ఒకడు నరసింహులు, రెండోవాడు విజయభాస్కర్. భాస్కర్ కంబదూరు మనిషి. నెట్ చూడ్డానికని వచ్చి, నరసింహులు పక్క కుర్చీలో పాతుకుపోయాడు. నరసింహులు భార్య ఈశ్వరి సంగటి ఇద్దరికీ కలిపే కెలికేది. వాళ్ల పరీక్ష కూడా మోటుదే. భాస్కర్ ఆడుతుంటే నరసింహులు చెప్పాపెట్టకుండా గోడలోని ప్లగ్గు పీకేవాడు. మళ్లీ పెట్టి, "కత్తి ఉండాదా?" అని అడిగేవాడు. "యాడుంది అన్నా, పాయ!" అని భాస్కర్ నెత్తి కొట్టుకునేవాడు. చివరికి ఒకనాడు "ఉండాదన్నా, ఉండాది!" అని ఎగిరి గంతేశాడు. ఆ భాగం రాసింది నరసింహులే.

దాన్ని బయటి దేశాల వాళ్లకు పంపుదామని భాస్కర్ తొందరపడేవాడు. "అరకొర పని నలుగుర్లో పెడితే నవ్వుతారప్పా. ఇంకొంచెం కానీ" అనేవాడు నరసింహులు. అలా అలా అది గడప దాటలేదు.

మరుసటేడు నాలుగు చినుకులు రాలితే నరసింహులు చెనిక్కాయ పంట విత్తడానికి సొంతూరు బెళుగుప్పకు పోయాడు. తిరిగొచ్చేసరికి భాస్కర్ ముఖం వెలిగిపోతోంది. నెట్‌లో కొత్త సర్వర్ వచ్చిందట, స్పీడు రెట్టింపట. నరసింహులు రాసిన భాగం దానికి అడ్డం పడుతుంటే తీసి పక్కన పెట్టాడట.

"నన్ను ఒక మాట అడగల్లని తోచలేదా?"

"నువ్వు చేనికాడ ఉంటివి కదన్నా. మల్లా అతికిస్తాలే."

"నా చేత్తో కట్టిన గోడరా. పడగొట్టమని నాకే చెప్పింటే నేనే పడగొట్టింటా."

నిజానికి ఈ పనిలో మాట కుదరకపోతే విడిపోవడం తేలిక. కాపీ తీసుకుంటే మొత్తం ఇతనికీ ఉంటుంది, మొత్తం అతనికీ ఉంటుంది. ఎవరికీ గింజంత తగ్గదు. కానీ నరసింహులుకు తెలిసిన వేరుపడటం అది కాదు. వాళ్ల నాయన తిప్పన్న తమ్ముడితో వేరుపడినప్పుడు పెద్దమనుషుల ముందు లేచి, "నాకేం వద్దు, అంతా వానికే" అని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చేసిన మనిషి. బెళుగుప్పలో ఇప్పటికీ ఆ మాట గొప్పగా చెప్పుకుంటారు. కొడుకూ అదే చేశాడు. కంప్యూటర్ విప్పి, హార్డ్ డిస్కు ఊడబీకి భాస్కర్ చేతిలో పెట్టాడు.

"అంతా నీదే. నాకేం వద్దు. పో."

భాస్కర్ కళ్లనీళ్లతో మెట్లు దిగాడు. నరసింహులు తలెత్తుకుని ఇంటికి పోయాడు గానీ, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

భాస్కర్ బస్టాండు దగ్గర చిన్న గది తీసుకున్నాడు. ఏడాది గడిచింది. నరసింహులు ఎన్నోసార్లు బస్టాండు దాకా పోయాడు, ఆ గదిని దూరం నుంచి చూసి వెనక్కి వచ్చాడు. అలిగినవాడికి తొలి అడుగు ఎంత బరువో అలిగినవాడికే తెలుసు.

ఒక మధ్యాహ్నం భాస్కరే వచ్చాడు. మనిషి సగమైపోయాడు.

"మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ కాడ వైరు తెగి హై ఓల్టేజీ వచ్చినాదన్నా. కంప్యూటర్ మాడిపాయ. నువ్విచ్చిన డిస్కూ, నా డిస్కూ రెండూ దాంట్లోనే ఉండె."

నరసింహులు కుర్చీ లాగి వేశాడు. భాస్కర్ కూర్చోలేదు.

"నీ భాగం మల్లా అతికించినా. స్పీడూ ఉండాది, కత్తీ పోదు. పంపమని ఆ దేశమోళ్లు జాబు రాసినారు. నీ పేరు ముందర పెట్టినా. పంపినాక వచ్చి చూపిద్దామనుకుంటి." కుర్చీ వీపు పట్టుకున్నాడు. "అది పోతే పోనీ. పాతది నీ కాడ ఉంటాది కదా. దాన్ని పట్టుకుని మల్లా చేస్తా."

"లేదురా."

"ఇంకా కోపమా? తిట్టు, కొట్టు, కానీ అది ఇయ్యన్నా."

"నా కాడ లేదు. ఇచ్చేటప్పుడు దాంట్లో కొంత దాచుకుంటే అది ఇచ్చినట్లా?"

భాస్కర్ గోడకు ఆనుకున్నాడు. "కాపీ తీసుకునింటే నాకేం తగ్గుతాండె? నీ కాడ ఒకటి ఉంటాదిలే అనే ధైర్నంతోనే కదన్నా నేను వేరే యాడా దాచంది."

నరసింహులు ఆ ఖాళీ కుర్చీని అతని వైపు ఇంకొంచెం జరిపాడు.

"నువ్వు నాకు ఇయ్యలేదు. నన్ను వదిలించుకున్నావు."

కాదు అనాలని నోటి దాకా వచ్చింది. కానీ అది నిజం. ఆ డిస్కు చూసినప్పుడల్లా వాడు కుళ్లి కుళ్లి ఏడవాలనే ఇచ్చాడు. ఊరంతా మెచ్చుకునే ఆ త్యాగం అడుగున ఉన్నది అంతే.

"ఇద్దరం కూర్చుని మల్లా రాద్దాం రా" అన్నాడు.

"నా వల్ల కాదన్నా. బెంగళూరుకు పోతాండా. మాయమ్మ ఎవరితోనో చెప్పి పని చూసినాది." గుమ్మం దగ్గర ఆగి అడిగాడు, "కోపం ఎప్పుడు పోయినాది నీకు?"

"ఆ పొద్దే పోయినాదిరా. ఇంటికి పోకముందే."

భాస్కర్ చెప్పులు వేసుకున్నాడు. "వచ్చి చెప్పింటే అయిపోతాండెనే" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

సెంటర్ నిండా పిల్లలు. వాళ్లందరి ముందే నరసింహులు బల్ల మీద తల పెట్టుకుని పెద్దగా ఏడ్చాడు.